చిత్రకారుడూ బ్యాలే బృందమూ కలిసి పనిచేయాలంటే: తొలి సమావేశం నుంచి తొలి ప్రదర్శన దాకా

బ్యాలేకి తెర గీయమని, దుస్తులు రూపొందించమని, వేదిక మీద ఇన్‌స్టలేషన్ కట్టమని చిత్రకారులను, శిల్పులను పిలవడం వందేళ్లు దాటిన అలవాటు. 1917 మే నెలలో పారిస్‌లోని షాత్లే థియేటర్‌లో రష్యన్ బ్యాలే నిర్వాహకుడు దియాగిలెవ్ బృందం ‘పరాడ్’ బ్యాలే ప్రదర్శించినప్పుడు తెర, సెట్టు, దుస్తులు పికాసోవి. 2021లో లండన్ రాయల్ బ్యాలే ‘ది డాంటే ప్రాజెక్ట్’ను పూర్తి రూపంలో ఆడినప్పుడు మూడు భాగాల దృశ్యరూపమూ బ్రిటిష్ కళాకారిణి టసీటా డీన్‌ది: ఒకదానికి తలకిందులైన పర్వతాల సుద్ద బొమ్మ, ఒకదానికి జకరాండా చెట్టు ఫొటో, చివరిదానికి 35 ఎం.ఎం. ఫిల్మ్.

ఇలాంటి పనులు చెడిపోయేది బొమ్మ బాగాలేక కాదు. నేల జారుతుంది, పక్క లైట్లకు ఏదో అడ్డం వస్తుంది, దుస్తులు పట్టుకోవడానికి చేయి ఆనదు, తెరలోని రంగుల్లో నర్తకి కలిసిపోతుంది. వీటన్నిటినీ ముందే తెలుసుకునే మార్గం ఉంది. ఏ రంగైనా, ఏ వస్తువైనా ఖాయం చేసేముందు ఒక చిన్న ముక్కనైనా అసలు కొలతలో తయారుచేసి, కదులుతున్న నర్తకి పక్కన, పక్క నుంచి పడే వెలుగులో చూడాలి. కింది అడుగులన్నీ ఆ పరీక్షకు వేళకు చోటు దొరికేలా అమర్చినవే.

1. ఎవరి పని ముందో తేల్చుకోండి

ప్రదర్శనకు 18 నుంచి 24 నెలల ముందు చిత్రకారుడు, కొరియోగ్రాఫర్, సంగీతం చూసేవారు, లైటింగ్ డిజైనర్, ప్రొడక్షన్ మేనేజర్ ఒకచోట కూర్చోవాలి. లైటింగ్ డిజైనర్‌ను చివర్లో పిలుద్దాంలే అనుకోవద్దు. గీసిన బొమ్మ కనిపించాలన్నా, కనిపించకుండా పోవాలన్నా అది ఆ డిజైనర్ వేసే వెలుగు మీదే ఆధారపడి ఉంటుంది.

పని మూడు రకాలుగా నడవొచ్చు. బొమ్మ ముందు ఉండి దాన్ని చూసి నృత్యం పుట్టడం ఒకటి: 2012లో లండన్ నేషనల్ గ్యాలరీ, రాయల్ బ్యాలే కలిసి 16వ శతాబ్దపు ఇటాలియన్ చిత్రకారుడు టిషియన్ చిత్రాలను ఆధారంగా తీసుకుని, నేటి కళాకారులు క్రిస్ ఓఫిలి, కాన్రాడ్ షాక్రాస్, మార్క్ వాలింగర్‌లతో మూడు కొత్త బ్యాలేలు చేయించిన తీరు ఇదే. నృత్యం, సంగీతం సిద్ధమయ్యాక చిత్రకారుడు రావడం రెండోది. ఎవరి పని వాళ్లు విడిగా చేసి వేదిక మీద కలపడం మూడోది. మెర్స్ కన్నింగ్‌హామ్ ఆధునిక నృత్య బృందం దీన్ని ఒక పద్ధతిగానే పాటించింది. మూడోది వినడానికి స్వేచ్ఛగా ఉంటుంది గానీ, ఏళ్ల తరబడి కలిసి పనిచేసి ఒకరి చోటు ఒకరు ఎరిగినవాళ్లకే అది నప్పుతుంది. తొలిసారి చేసేవారికి మొదటి పద్ధతి మేలు. అప్పుడు కూడా తెర, దుస్తులు, నేల, వేదిక మీది వస్తువులు అన్నీ ఒకేసారి తలకెత్తుకోకుండా రెండింటితో ఆగండి.

2. ఒప్పందం రాసుకోండి

‘ల ట్రికోర్న్’ బ్యాలే కోసం 1919లో పికాసో వేసిన ముందు తెర మధ్యభాగాన్ని దియాగిలెవ్ 1928లో కత్తిరించి అమ్మేశాడు. ఆ ముక్క తర్వాత న్యూయార్క్‌లోని ఒక ప్రసిద్ధ రెస్టారెంట్ గోడ మీద దశాబ్దాల పాటు వేలాడింది. తెర ఎవరి ఆస్తో, దాన్ని ఏం చేయకూడదో ముందే రాసుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

కనీసం ఇవి కాగితం మీద ఉండాలి: గీసిన మూల చిత్రాలు, నమూనాలు ఎవరికి చెందుతాయి; వేదిక మీద వాడిన తెర, దుస్తులు ఎవరికి చెందుతాయి; ఎన్నేళ్లు, ఎన్ని ఊళ్లలో ఆడొచ్చు; చిన్న వేదికకు సరిపోయేలా తెరను కుదించాలంటే ఎవరి అనుమతి కావాలి; చిరిగితే, రంగు పోతే ఎవరు సరిచేస్తారు; ఫొటోలు, పోస్టర్లు, వీడియో ప్రసారాల హక్కులు ఎవరివి; చివరి ప్రదర్శన తర్వాత తెరను దాచాలా, తిరిగి ఇచ్చేయాలా, నాశనం చేయాలా.

చిత్రకారుడు తన చేత్తోనే తెర గీయాలనుకుంటే ఆ దేశంలో అందుకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. 1942లో చిత్రకారుడు షగాల్ ‘అలేకో’ బ్యాలే తెరలను మెక్సికో సిటీలో గీయడానికి ఒక కారణం, అమెరికాలో సీన్ పెయింటర్ల యూనియన్ నిబంధనలు బయటివారిని సొంతంగా గీయనివ్వకపోవడమే. నాలుగు తెరలు, ఒక్కోటి సుమారు 9 మీటర్ల ఎత్తు, 15 మీటర్ల వెడల్పు.

3. వేదికను కొలిచి, చిన్న నమూనా కట్టండి

థియేటర్ నుంచి అడిగి తెప్పించుకోవాల్సినవి: వేదిక ముఖద్వారం వెడల్పు, ఎత్తు, లోతు, రెండు పక్కల వింగ్స్‌లో (నర్తకులు వేదిక మీదికి వచ్చిపోయే చాటు చోట్లలో) ఉన్న ఖాళీ, తెరలు వేలాడదీసే పై బార్ల పటం, ఒక్కో బారు మోయగలిగే బరువు, సామాను లోపలికి తెచ్చే తలుపు కొలత, మొదటి వరుస, పై బాల్కనీ చివరి సీటు నుంచి చూపు ఎంతవరకు అందుతుందో చూపే గీత. తలుపు కొలత మరిచిపోయి, లోపలికి పట్టని శిల్పాన్ని వీధిలోనే రెండు ముక్కలు చేయాల్సి రావడం అనుకున్నంత అరుదు కాదు.

సమూహ నృత్యానికి కనీసం 10 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు ఖాళీగా ఉండాలని లెక్క పెట్టుకోండి. వింగ్స్ నుంచి దూకుతూ వచ్చే నర్తకికి తెర వెనక పరుగు అందుకోవడానికి మరో 2, 3 మీటర్లు కావాలి. ఈ పరుగు చోటులోనే చాలామంది చిత్రకారులు తమ వస్తువులు దాచాలని చూస్తారు. ఒప్పుకోవద్దు.

నమూనాను 1:25 కొలతలో కట్టండి. అమెరికాలో 1:24 వాడతారు. అంటే ఒక అడుగుకు అరంగుళం. ముందు తెల్ల అట్టతో, రంగుల్లేకుండా కట్టి ప్రదర్శనకు ఏడాది ముందు అందరికీ చూపించాలి. ఆకారం, చోటు కుదిరాకే రంగుల నమూనా. దానికి 8 నెలల ముందు వరకు గడువు. నమూనాలో 7 సెం.మీ. ఎత్తున్న మనుషుల బొమ్మలు ఒకటి రెండు కాకుండా, బృందంలో ఎంతమంది ఉంటే అంతమందినీ నిలబెట్టండి. అప్పుడే చిత్రకారుడికి తన ఖాళీ చోటు ఎంతో కళ్లకు కడుతుంది.

4. వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోండి

బ్యాలేకి ముఖ్యమైన వెలుగు ముందు నుంచి కాదు, పక్కల నుంచి వస్తుంది. ప్రతి వింగ్‌లోనూ ఒక నిలువు స్తంభానికి నేల నుంచి సుమారు 30 సెం.మీ., 1.2 మీటర్లు, 2 నుంచి 2.4 మీటర్ల ఎత్తుల్లో లైట్లు కడతారు. అడుగున ఉన్న లైటు వెలుగు నేలను తాకకుండా కాలి పిక్కను అందుకుంటుంది. పక్క నుంచి పడ్డ వెలుగుకు ఒళ్లు ఒకవైపు మెరిసి, మరోవైపు నీడగా, చెక్కినట్టు కనిపిస్తుంది. అదే వెలుగు ముందు నుంచి వస్తే దేహం చదునుగా మారుతుంది, నర్తకి నీడ వెళ్లి తెర మీద పడుతుంది.

దీన్నుంచి చిత్రకారుడికి మూడు నియమాలు వస్తాయి. వింగ్స్ మధ్య సందులను ఏ వస్తువూ మూయకూడదు. వేదిక మీద నిలబెట్టిన ప్రతి శిల్పమూ తన అవతలి పక్కన ఒక పొడవాటి నీడ పరుస్తుంది. ఆ నీడలో నిలబడ్డ నర్తకి ప్రేక్షకుడికి కనిపించదు. చివరి నర్తకుల వరుసకూ వెనక తెరకూ మధ్య 1.5 నుంచి 2 మీటర్లు వదలాలి.

2014లో పారిస్ ఒపేరాలో మిల్పియే నృత్యం కూర్చిన ‘దఫ్నిస్ ఎ క్లోయె’ బ్యాలేకి ఫ్రెంచ్ కళాకారుడు డానియెల్ బ్యూరెన్ చేసిన పని ఇక్కడ గట్టి ఉదాహరణ. రంగురంగుల పారదర్శక ఆకారాలు పై నుంచి దిగుతూ, లేస్తూ ఉంటాయి. నేల, పక్కలు పూర్తిగా నర్తకులవే. 2008 నాటి ‘ఇన్‌ఫ్రా’ బ్యాలేలో కళాకారుడు జూలియన్ ఓపీ చేసిన, నడిచే మనుషుల ఎల్.ఇ.డి. బొమ్మలు కూడా నర్తకుల తలల పైనే ఉన్నాయి. ఆ నడక నిదానంగా, ఒకే తీరులో సాగడం వల్ల కింది నృత్యంతో పోటీ పడదు.

5. తెర గీయించండి

చాలామంది నేరుగా ఈ అడుగుతోనే మొదలుపెడతారు. అందుకే ఇది కాస్త వివరంగా.

అట్ట మీది బొమ్మను తెర కొలతకు పెంచడం వేరే విద్య. 1924లో ‘ల త్రాన్ బ్లూ’ బ్యాలే ముందు తెర కోసం, పికాసో గీసిన సుమారు 33 × 41 సెం.మీ. చిత్రాన్ని తెరలు గీసే అలెగ్జాండర్ షెర్వాషిద్జే 10 మీటర్లకు పైగా ఉన్న బట్ట మీదికి ఎక్కించాడు. అది పికాసోకు ఎంతగా నచ్చిందంటే, తానే దాని మీద సంతకం చేశాడు. మీ ఊళ్లో సినిమా, నాటకాల తెరలు గీసే అనుభవజ్ఞుడు దొరికితే, చిత్రకారుడి పేరు పక్కనే ఆయన పేరూ కార్యక్రమ పత్రంలో వేయండి.

పద్ధతి ఇది. 1:25 చిత్రం మీద 4 సెం.మీ. గళ్లు గీస్తే తెర మీద ఒక్కో గడి సరిగ్గా 1 మీటరు అవుతుంది. బట్టను చెక్క నేల మీద పరిచి, అంచుల వెంట స్టేపుల్ చేసి, సుద్ద అద్దిన దారంతో గళ్లు కొట్టాలి. నిలబడి పొడుగు కర్ర కుంచెలతో గీయాలి. గీసేటప్పుడు తరచూ ఎత్తైన నిచ్చెన ఎక్కి కిందికి చూడకపోతే గీతల నిష్పత్తి తప్పుతుంది. నూలు బట్ట ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) తగిలాక ముడుచుకుంటుంది. కొలతకన్నా ప్రతి వైపూ కొంత ఎక్కువ కొనండి. ఎంత ముడుచుకుంటుందో 1 మీటరు ముక్కకు ప్రైమర్ పూసి తేల్చుకోండి.

రంగు పలచగా వేయాలి. మందంగా పూస్తే మడతల దగ్గర పగులుతుంది, తెర బరువెక్కుతుంది. వెనక నుంచి వెలుగు వేసి మెరిపించాలనుకుంటే కుట్టు లేని బట్ట మీద పారదర్శకమైన డై రంగులు వాడాలి. కుట్టు ఉంటే వెలుగులో నల్లటి గీతలా కనిపిస్తుంది. బరువు లెక్క ముందే వేసుకోండి: 12 × 9 మీటర్ల తెర 108 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 350 గ్రాముల బట్టైతే దాదాపు 38 కిలోలు. దీనికి రంగు, అడుగు గొట్టం కలపాలి. పై అంచుకు గట్టి పట్టీ, ప్రతి 30 సెం.మీ.కి ఒక రంధ్రం, తాడు. కింది అంచులో గొట్టం దూర్చే సంచీ.

తెరను నిప్పంటుకోని రసాయనంతో శుద్ధి చేయించడం చాలా చోట్ల చట్టపరమైన అవసరం. కొన్ని రసాయనాలు రంగును మసకబారుస్తాయి, తెల్లటి ఉప్పు మరకలు వదులుతాయి. అందుకే ముందుగానే శుద్ధి చేసిన బట్ట కొని, దాని మీద మీ రంగులతో ఒక ముక్క గీసి, ఆ ముక్కకే నిప్పు పరీక్ష చేయించండి.

ఇక బొమ్మలో ఏముండాలి? నేల నుంచి 3 మీటర్ల ఎత్తు వరకు నర్తకుల చోటు. ఎత్తి పట్టుకున్న నర్తకి చేయి అంతవరకు వెళ్తుంది. ఆ పట్టీలో చిన్న చిన్న వివరాలు, గట్టి గీతలు తగ్గించండి. తేలికైన పరీక్ష ఒకటి: తెర ముక్క ముందు దుస్తుల్లో ఉన్న నర్తకిని నిలబెట్టి, పక్క వెలుగు వేసి, ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఫొటోలో చేయీ కాలూ తెర నుంచి విడిపడి కనిపించకపోతే, రంగులు ఎంత వేరైనా దూరపు సీటుకు అవి కనిపించవు. ఈ పరీక్షను బృందంలోని అన్ని ఒంటి రంగులవారితోనూ చేయాలి. నీలి వెలుగులో ఎర్ర రంగు నల్లగా మారుతుంది కాబట్టి, వాడబోయే ఫిల్టర్లన్నిటి కిందా చూడాలి.

నర్తకి కలిసిపోవడమే ఉద్దేశమైతే అది వేరే విషయం. 1958లో కన్నింగ్‌హామ్ నృత్యం ‘సమ్మర్‌స్పేస్’కి చిత్రకారుడు రాషెన్‌బర్గ్ తెర మీద, దుస్తుల మీద ఒకే చుక్కలు వేశాడు. నర్తకులు ఆగితే తెరలో కలిసిపోతారు, కదిలితే బయటపడతారు. కదలికకూ బొమ్మకూ అంత సూటి సంబంధం పెట్టిన పని ఇంకొకటి దొరకడం కష్టం.

ఒక చిన్న జాగ్రత్త: నర్తకులు తెర వెనక నుంచి అటూ ఇటూ పరుగెత్తితే గాలికి తెర అలలు అలలుగా ఊగుతుంది. వెనక మరో నల్ల తెర వేసి, ఆ రెండో తెర వెనక నుంచే దారి ఇవ్వండి.

6. వేలాడేవి, నిలబడేవి, తేలేవి

తల మీద వేలాడే ప్రతి వస్తువుకూ, మోయాల్సిన బరువుకన్నా 8 నుంచి 10 రెట్లు తట్టుకునే తీగలు, కొక్కేలు వాడటం ఈ రంగంలో మామూలు పద్ధతి. లెక్క అర్హత ఉన్న రిగ్గర్ (వస్తువులు వేలాడదీసే నిపుణుడు) చేతే వేయించి, సంతకం తీసుకోండి. ఒక్క తీగ తెగినా వస్తువు పడకుండా రెండో తీగ తప్పనిసరి.

అద్దం లాంటి ఉపరితలాలతో పేచీ ఎక్కువ. పిరొయెట్ తిరిగే నర్తకి ప్రతి చుట్టుకూ ఒకే బిందువు మీద చూపు నిలుపుతుంది. ఆ బిందువు చోట కళ్లు చెదిరే మెరుపు ఉంటే తూలిపోతుంది. అద్దాలు పెట్టక తప్పకపోతే కొద్దిగా వంచి, ప్రతిబింబం నర్తకుల కళ్లలో పడకుండా చూడండి.

1968లో ‘రెయిన్‌ఫారెస్ట్’ నృత్యంలో ఆండీ వార్హోల్ వెండి దిండ్లు హీలియంతో తేలాయి. ఇలాంటివి కావాలంటే లెక్క సులువే: 1 లీటరు హీలియం సుమారు 1 గ్రాము ఎత్తుతుంది. 60 లీటర్లు పట్టే దిండు దాని తొడుగుతో కలిపి 60 గ్రాములు దాటకూడదు. వాయువు మెల్లగా కారిపోతుంది కనుక ఆ రోజే నింపాలి. ఏ.సి. గాలి వాటిని ఎటు తోస్తుందో, ప్రేక్షకులు నిండిన హాలులో పరీక్షిస్తే తప్ప తెలియదు.

కదిలే యంత్రమైతే, షాక్రాస్ 2012 ‘మాకినా’లో పెట్టిన రోబో చేయి లాంటిదైతే, దాని చేయి అందే పరిధిని నేల మీద టేపుతో గీసి, రిహార్సల్ మొదటి రోజు నుంచే నర్తకులకు అలవాటు చేయాలి. అత్యవసరంగా ఆపే మీటను నర్తకులను నేరుగా చూడగల మనిషి చేతిలోనే ఉంచాలి.

7. నేల

బాల్కనీ నుంచి చూసేవారికి నేలే అతిపెద్ద చిత్రం. ముందు వరుసల వారికి అది దాదాపు కనపడదు. కాబట్టి కథకు కీలకమైనదేదీ నేల మీద మాత్రమే గీయొద్దు.

బ్యాలే నేల అంటే దూకితే కాస్త ఒదిగే చెక్క నేల, దాని పైన 1.5 నుంచి 2 మీటర్ల వెడల్పు వినైల్ చుట్టలు. అద్దెకు తెచ్చిన వినైల్ మీద గీయకూడదు. దీనికోసమే విడిగా చుట్టలు కొనాలి. నిగనిగలాడే వార్నిష్ అసలు పనికిరాదు. వినైల్‌కు పట్టే మ్యాట్ రంగు వేసి, పాయింట్ షూ (కాలి వేళ్ల కొనల మీద నిలబడేందుకు వేసుకునే గట్టి ముక్కు షూ) ఎక్కేముందు కనీసం 48 గంటలు ఆరనివ్వండి. ఆపైన ఒక నర్తకి పాయింట్ షూతో, ఒకరు మెత్తటి షూతో పది నిమిషాలు తిరిగి, దూకి చూడాలి. తర్వాత నేల మీద కొంచెం నీళ్లు చల్లి, చెమట పడ్డట్టు చేసి మళ్లీ చూడాలి. జారకుండా షూలకు రాసుకునే రోజిన్ పొడి ముదురు రంగు మీద తెల్ల గీతలు వదులుతుంది. ప్రతి ప్రదర్శనకు ముందు తుడిచే మనిషి కావాలి. ఇదే పద్ధతి కూచిపూడి నృత్యనాటకాలకు వాడేవారు ఉత్త కాళ్లతో, చెమట పట్టాక పరీక్షించాలి. కాలు అతుక్కుపోతే మోకాలికి దెబ్బ.

8. దుస్తులు

‘పరాడ్’లో మేనేజర్ల పాత్రల కోసం పికాసో సుమారు 3 మీటర్ల ఎత్తున్న క్యూబిస్టు కట్టడాలు చేశాడు. లోపలి నర్తకులకు అడుగులు తొక్కడం, నడవడం తప్ప పెద్దగా వీలు లేదు. ఆ పాత్రలకు అది తగిందే. అదే బ్యాలేలో దొమ్మరి పాత్రలకు మాత్రం ఒంటికి అతుక్కునే దుస్తుల మీద బొమ్మ వేశాడు. ఏ పాత్ర ఎంత కదలాలో అడిగి, దాన్ని బట్టి దుస్తుల రకం తేల్చడం ఇందులోంచి నేర్చుకోవాల్సింది. చిత్రకారుడు మతీస్ 1920లో ‘నైటింగేల్ పాట’ బ్యాలేకి శోకితుల కోసం తెల్లటి ఫెల్ట్ మీద వెల్వెట్ త్రికోణాలు అతికించిన వస్త్రం కూడా నిలబడే పాత్రలకు సరిపోతుంది, ఎగిరేవారికి కాదు.

సాగే లైక్రా మీద ముద్రణకు 30 సెం.మీ. ముక్కను అటూ ఇటూ లాగి చూడండి. తెల్ల బట్ట మీద వేడితో ముద్రించిన రంగు సాగినప్పుడు లోపలి తెలుపు బయటపడుతుంది. మోకాలు, పిరుదుల దగ్గర ఇది ఎక్కువ. అక్కడ ముఖాలు, నిటారు గీతలు పెట్టొద్దు. చేత్తో రంగు వేస్తే పలచగా వేయాలి, లేకుంటే రెండు ఉతుకులకే పగుళ్లు.

జంట నృత్యంలో చేతులు పడే చోట్లు నడుము, చంకల కింద, తొడ వెనక. అక్కడ పూసలు, జారే బట్ట, తడి రంగు ఉండకూడదు. పూస గుచ్చుకుంటే చేయి వదులవుతుంది. చేయి వదులైతే మనిషి పడుతుంది. టూటూ (నడుము చుట్టూ పళ్లెంలా పరుచుకునే గట్టి పావడా) మీద బొమ్మ వేస్తే అది పై నుంచి చూసేవారికే కనిపిస్తుందని, జంటగా నిలబడ్డవాడికి 35 నుంచి 40 సెం.మీ. దూరం తెస్తుందని గుర్తుంచుకోండి. తలకు పెట్టేవి తేలిగ్గా ఉండాలి. అర కిలో కూడా మెడకు భారమే. పక్క చూపును మూసే ముసుగులు వద్దు.

కొలత చూసేటప్పుడు నర్తకిని అద్దం ముందు ఊరికే నిలబెట్టొద్దు. అరబెస్క్ (ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచడం) వేయించండి, మోకాళ్లు పూర్తిగా వంచి కిందికి కూర్చోబెట్టండి, జోడీ చేత ఎత్తించండి. ఒక్కో పాత్రకు ఇద్దరు, ముగ్గురు నర్తకులు మారుతుంటారు కనుక అన్ని కొలతల్లోనూ ముద్రణ ఫైళ్లు విడిగా తయారుచేయించాలి.

9. వీడియో ఉంటే

అక్కడికక్కడే ప్రత్యక్షంగా వాయించే వాద్యబృందం వేగం ప్రతి రాత్రీ కొద్దిగా మారుతుంది. కాబట్టి వీడియోను మొదటి నుంచి చివరి వరకు ఒకే ఫైలుగా నడిపితే నృత్యానికి ముందో వెనకో పడుతుంది. చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చివర ఆగి తిరిగే కొన్ని సెకన్లు చేర్చండి. స్టేజ్ మేనేజర్ స్వరపత్రం చూసి సైగ ఇస్తే తర్వాతి ముక్క మొదలవ్వాలి. పక్క వెలుగు వెలిగాక ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది. పెద్ద వేదికకు 20 వేల ల్యూమెన్ల (వెలుగును కొలిచే ప్రమాణం) స్థాయి యంత్రం అడగండి.

10. వేదిక మీద చివరి వారం

మొదటి రోజు తెర, వస్తువులు కట్టడం. రెండో రోజు లైట్లు గురిపెట్టడం, నర్తకుల స్థానంలో సిబ్బందిని నడిపించి వెలుగు చూడటం. మూడో రోజు నర్తకులకు సంగీతం లేకుండా అరగంట ఊరికే తిరిగి చూసుకునే సమయం. దీన్ని ఎవరూ కోసేయకుండా కాపాడండి, గాయాలు తప్పించేది ఇదే. తర్వాత పియానోతో, ఆపై పూర్తి దుస్తులతో, చివరికి వాద్యబృందంతో.

చిత్రకారుడు ఒక రిహార్సల్ ముందు వరుసలో, ఒకటి బాల్కనీ చివర కూర్చుని చూడాలి. మార్పులన్నీ రాసి ఒక్క మనిషికే, సాధారణంగా ప్రొడక్షన్ మేనేజర్‌కే ఇవ్వాలి. నర్తకికి నేరుగా చెప్పకూడదు. ఈ వారంలో రంగు సరిచేయొచ్చు, వస్తువును అర మీటరు జరపొచ్చు, తీసేయొచ్చు. కొత్తది చేర్చకూడదు.

11. దాచడం

తెరను మడవకుండా, రంగు బయటి వైపు ఉండేలా లావుపాటి గొట్టానికి చుట్టి, బట్ట కప్పి, పొడి గదిలో అడ్డంగా ఉంచండి. ప్రతి రంగు నుంచి ఒక లీటరు సీసా మూసి, తేదీ, మిశ్రమం, తెరలో వాడిన చోటు రాసి అతికించండి. దుస్తులకు ఒక పుస్తకం పెట్టి, ప్రతి బట్ట ముక్క, దారం రంగు, ఉతికే తీరు, ముద్రణ ఫైలు పేరు అందులో చేర్చండి. లైట్ల పట్టికనూ, నలుపు తెలుపు పరీక్షా ఫొటోలనూ దానితోనే ఉంచండి. ఐదేళ్ల తర్వాత వేరే నర్తకులతో మళ్లీ ఆడేటప్పుడు చిత్రకారుడు ఊళ్లో లేకపోయినా ఈ పుస్తకంతో పని నడుస్తుంది.